చిటికెడు నీలం

తొందరమ్మ గిన్నెలు తోముతూ ఒక్కసారి గోడ గడియారం వంక చూసింది. అంతే, వెనకనుంచి అత్తగారి మాట వచ్చి పడింది. "గిన్నెకు జిడ్డు వదల్లేదు గానీ, చూపంతా గడియారం మీదే." ఆ పేరు పెట్టిందీ ఆవిడే. పొద్దున్నే లేచి నలుగురికీ వండి, డబ్బాలు సర్ది, బట్టలు ఆరేసి, పరుగున బస్సెక్కే మనిషి తొందరపడక ఏం చేస్తుంది చెప్పండి? పని అందరిదీ, తొందర మాత్రం ఆమె ఒక్కదానిదే! కూరలో ఉప్పు తక్కువైతే ఆమె తొందర. చొక్కా గుండీ ఊడితే ఆమె తొందర. మొగుడు తన కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయినా, "నీ తొందరలో ఎక్కడో పడేసుంటావ్" అనేవాడు. విని విని ఆమే నమ్మేసింది. ఇంట్లో ఏది పగిలిన చప్పుడైనా ముందు "నావల్లే" అనేసి, ఏం పగిలిందో తర్వాత వెళ్లి చూసుకునేది.

ఆ రోజు మాత్రం ఆమె కంగారు గిన్నెల గురించి కాదు. మ్యూజియంలో ఆమె పని, రాళ్లలో దొరికిన పాతకాలపు ఎముకలు శుభ్రం చేసి, ముక్కలు అతికించి, కొలతలు రాయడం. ఎనిమిదేళ్ల కిందట ఒక రాళ్ల క్వారీ నుంచి మడమ ఎముక ఒకటి రెండు ముక్కలై వచ్చింది. కోట్ల ఏళ్ల కిందట చెట్ల మీద బతికి, అంతరించిపోయిన చిన్న జంతువుది. కోతులకు తాతముత్తాతల వరస. నడుమ కాస్త ఎముక లేదు. ఆ ఖాళీని ప్లాస్టరుతో పూడుస్తుంటే మొగుడు మూడుసార్లు ఫోన్ చేశాడు, బంధువులు దిగారు, పెందలాడే రమ్మని. రెండు ముక్కలూ అతికించి, ఇసుక ట్రేలో నిలబెట్టి, కొలవకుండానే వెళ్లిపోయింది. మర్నాడు వచ్చేసరికి ఎవరో ఎముకకు గోధుమరంగు పూసేసి, పొడవు కూడా కొలిచి రాసేశారు.

మ్యూజియం పెద్దసారు సంబరం అంతా ఇంతా కాదు. మడమ ఇంత పొడవుంటే అది గెంతే జంతువేనన్నాడు. పొడుగు మడమ మీటలా పనిచేసి ఒంటిని కొమ్మ మీంచి విసురుతుందట. వ్యాసం అచ్చయింది, గాల్లో దూకుతున్న బొమ్మ మ్యూజియం గుమ్మంలో వేలాడింది. మడమతోపాటు దొరికిన చేతి ఎముకలూ కాలి ఎముకలూ ఇంచుమించు ఒకే పొడవున్నాయి, దూకేవాటికి కాళ్లే బాగా పొడుగుండాలి కదా సార్ అని ఆమె ఒకసారి అడిగింది. "కొలవడం నీ పని, ఆలోచించడం నా పని" అన్నాడాయన నవ్వుతూ. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మొన్న అదే క్వారీ నుంచి అదే జాతి జంతువు మడమ ఎముక మరొకటి వచ్చింది, ఈసారి నిక్షేపంగా. పొట్టిగా ఉంది. కొలవకుండా పోయాను, నా తొందరే ఎముకను సాగదీసింది, ఇక ఉద్యోగం ఊడినట్టే అనుకుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, ఎవరో విప్పేకంటే నేనే విప్పడం నయమని, ఆ పాత అతుకు ముందు కూర్చుంది.

మందు చుక్కలు వేసి దూదితో తుడిస్తే పైరంగు వదిలింది. ఆమెకో అలవాటు ఉంది. ఎముక ఏదో అతుకు ఏదో రేపు చూసేవాళ్లకు తెలియాలని ప్లాస్టరులో చిటికెడు నీలం కలుపుతుంది. ఆ నీలం అటొక అంచున, ఇటొక అంచున ఉంది. మధ్యలో మాత్రం తెల్లటి ముద్ద. ఎవరో ఆమె అతుకును కోసి, పొడుగు చేసి, మళ్లీ అతికించారు. తెలుపంతా తీసేసి నీలం అంచులు రెండూ కలిపింది. కొత్త ఎముక పక్కన పెట్టి కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆమె కుర్చీలో కూలబడి నవ్వింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా నవ్వింది. నేను కాదు, నావల్ల కాదు అని పైకే అనుకుంది. ఎంత హాయిగా ఉందో!

పెద్దసారును పిలిచి చూపించింది. ఆయన తడబడనైనా లేదు. "ఆ రోజు నువ్వు తొందరలో వెళ్లావు కదమ్మా. పొట్టిగా పెట్టేశావనుకుని నేనే సరిచేశాను." నాతో ఒక మాట చెప్పలేదేమని అడిగితే, అంత చిన్న విషయానికా అన్నాడు. రిజిస్టరులో అతుకులో పొరపాటు జరిగిందని రాస్తే చాలు, ఎవరిదని రాయనక్కర్లేదన్నాడు.

"నాకు అక్కర ఉంది సార్," అంది.

రాసింది. నీలం నాది. తెలుపు నాది కాదు. ఈ జంతువు గెంతేది కాదు, కొమ్మను గట్టిగా పట్టుకుని నిదానంగా నడిచేది. కింద సంతకం చేసింది. ఆయన రెండుసార్లు చదివి, పక్కనే తన సంతకమూ పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు, ఎముకలు రెండూ బల్లమీదే ఉన్నాయి.

సాయంత్రం మొగుడు ఫోన్ చేసి ఇంకా బయల్దేరలేదా అన్నాడు. నిండుగా వచ్చిన బస్సు వెనక ఆమె పరిగెత్తలేదు. తర్వాతది ఎక్కింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, వంటింట్లోకి పోకుండా హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. పేపరు చదువుతున్న మొగుడు తలెత్తి చూశాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏమే తొందరమ్మా, ఇవాళ తొందర లేదేం?" అంది.

ఆమె నొప్పి పుడుతున్న మడమలు చాపుకుని, మెల్లగా నొక్కుకుంది.

"నాకెప్పుడూ లేదత్తయ్యా. మీరంతా అతికించారు. ఇవాళ విప్పి చూశాను."