దుర్సున్ నిలబడిన చోటు

మా తమ్ముడు బెకిర్ కుడిచేతి చూపుడువేలు రంపం కింద పడి తెగిపోయి రెండేళ్ళయింది. మా ఊళ్ళో వేలు పోవడం పెద్ద వార్తేం కాదు. ఇంటింటా తుపాకులు తయారయ్యే ఊరు మాది. అక్రోటు దుంగలు కోసే రంపాలు, గొట్టాలు తొలిచే యంత్రాలు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉంటాయి. కాఫీ దుకాణంలో ఏ బల్ల దగ్గర వేళ్ళు లెక్కపెట్టినా మనిషికి పది రావు. కానీ బెకిర్‌కి ఆ వేలుతో పాటు వేట కూడా పోయింది. మధ్యవేలితో ట్రిగ్గర్ లాగబోతే గొట్టం పక్కకి తిరిగేది. నిరుడు మూడుసార్లు ఎదురుగా వచ్చిన అడవిపందిని వదిలేశాడు. దాంతో దుర్సున్ వాణ్ణి తుపాకుల వరసలోంచి తీసేసి, డబ్బాలు వాయించి పందుల్ని తోలేవాళ్ళతో కలిపాడు.

దుర్సున్ ఇరవై రెండేళ్ళుగా మా ఊరి వేటకి పెద్ద. వరసలో ఎవరు ఏ బండ దగ్గర, ఏ చెట్టు దగ్గర నిలబడాలో తనే చెప్పేవాడు. ఒకసారి నిలబడ్డాక బూర ఊదేదాకా అడుగు కదపకూడదు. పంది కాళ్ళ మధ్యనుంచి దూరిపోయినా, ఉచ్చ ఆగకపోయినా సరే. కదిలినవాణ్ణి ఆ ఏడాదంతా వేటకి రానిచ్చేవాడు కాదు. సొంత మేనల్లుణ్ణే రానివ్వలేదు. ఆయన భార్య జెలిహా, నేను ఇరవై ఏళ్ళుగా ఒకే కిటికీ దగ్గర కూర్చుని తుపాకి కొయ్యల మీద గళ్ళు చెక్కుతున్నాం. మొగుళ్ళకి చెప్పని మాటలు కూడా ఒకరికొకరం చెప్పుకున్నాం.

శరదృతువులో పందులు శనగచేలల్లో పడ్డాయి. ఆదివారం వేట అన్నారు. వారం ముందే బెకిర్ తన తుపాకి భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు. నా భర్త యాకుప్ తుపాకులు సరిచేసే మేస్త్రి.

"బావా, ట్రిగ్గర్ కాస్త మెత్తగా చేసిపెట్టు. నీకు గంట పని."

"ట్రిగ్గర్ బిరుసుగా ఉండేది నిన్ను ఏడిపించడానికి కాదురా," అన్నాడు యాకుప్. "ఇది ఆటోమేటిక్. తూటాని లోపలికి తోసే బోల్ట్ వచ్చి కొట్టుకుంటుంది చూడు, మెత్తటి ట్రిగ్గర్ ఆ దెబ్బకే జారిపోవచ్చు. రెండు గొట్టాల తుపాకి ఒకటి తీసుకో, దానికైతే చేస్తాను."

"వేలు పోయిందని తుపాకి మార్చమంటావు. రేపు పన్ను ఊడితే పెళ్ళాన్ని మార్చమంటావేమో."

యాకుప్ నవ్వలేదు. ఆయనకి పని సంగతిలో నవ్వు రాదు. బెకిర్ తుపాకి అక్కడే గోడకి ఆనించి, నాకేసి ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. ఆ చూపుతో నా చేత ఎన్ని చేయించుకున్నాడో లెక్కలేదు.

ఇక నేను మొదలుపెట్టాను. పొద్దున టీ పోస్తూ అన్నాను, మధ్యాహ్నం పులుసు వడ్డిస్తూ అన్నాను. "వాడు కాఫీ దుకాణంలో ముసలాళ్ళ పక్కన కూర్చుంటున్నాడు. నలభై ఏళ్ళు లేవు. నీ తమ్ముడైతే ఇలాగే వదిలేస్తావా?" అన్నాను. ఆయనకి తమ్ముడు లేడు, ఆ సంగతి తెలిసే అన్నాను. మూడోరోజు యాకుప్ చెంచా కింద పెట్టి, "చేస్తాలే, నోరు ముయ్యి," అన్నాడు. నేను గెలిచానని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

యాకుప్ ట్రిగ్గర్ పని చేశాడు. నేను తుపాకి కొయ్య పట్టుకునే చోట పాత గళ్ళు చెరిపి, నాలుగు వేళ్ళ చెయ్యి జారకుండా లోతుగా కొత్తవి చెక్కాను. గురువారం నూనె పట్టించి, తడి ఆరలేదని గుర్తుగా కొయ్య మెడకి ఎర్రగుడ్డ పేలిక కట్టాను. మా ఇంట్లో అదే అలవాటు. యాకుప్ కూడా పేలికే కడతాడు, కాకపోతే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి. పరీక్షలో నెగ్గని తుపాకి అని దాని అర్థం. ఇద్దరం ఒకే పాత దుప్పటి చింపుకుంటాం. మెడకీ కమ్మీకీ మధ్య దూరం రెండు వేళ్ళు.

ఆయన పరీక్ష ఊరందరికీ తెలుసు. ఖాళీ తుపాకి బోల్ట్ వెనక్కి లాగి వదులుతాడు, కొయ్య అడుగుభాగాన్ని రబ్బరు పలక మీద గట్టిగా కొడతాడు. అలా ముప్ఫైసార్లు. ఎవరూ ట్రిగ్గర్ ముట్టకుండా ఒక్కసారి లోపల టక్కుమన్నా ఆ తుపాకి గడప దాటదు. శనివారం సాయంత్రం ఇరవై ఆరోసారి టక్కుమందట. ఆయన పేలిక కట్టి, సోమవారం మళ్ళీ విప్పి చూద్దామని పక్కన పెట్టాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. యాకుప్ అంతే, ఏదీ చెప్పడు, కడతాడు. నేనూ అడగలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా బెకిర్ గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వీధిలో ట్రాక్టర్ పొగ వదులుతోంది. ట్రాలీలో దుర్సున్, ఇంకో నలుగురు కూర్చున్నారు.

"అక్కా, తుపాకి ఇవ్వు. దుర్సునన్న వరసలో చోటిస్తానన్నాడు. తన పక్క చోటే."

"మీ బావ నమాజు నుంచి రానీరా."

"నమాజయ్యాక రొట్టెల కొట్టు, రొట్టెలయ్యాక కాఫీ. పందులు ఆయన కోసం వరసలో నిలబడతాయా? కొయ్య ఆరిందా లేదా, అది చెప్పు."

ట్రాలీలోంచి దుర్సున్, "ఎల్మాస్, త్వరగా పంపమ్మా, ఈ పెళ్ళికొడుకుని," అన్నాడు. అందరూ నవ్వారు. నేను లోపలికెళ్ళి తుపాకి తీశాను. పేలిక ఉంది. కొయ్య తడిమి చూశాను, ఎండిపోయి ఉంది. నా పేలికే, నిన్న విప్పడం మరిచిపోయాననుకున్నాను. అది కమ్మీకి కట్టి ఉంది. నా కళ్ళు చూశాయి. చూడలేదని ఎవరితో చెప్పినా అబద్ధమే. నా చెయ్యి మాత్రం ఆగలేదు. ముడి విప్పి ఏప్రన్ జేబులో పెట్టుకుని తుపాకి వాడికిచ్చాను. వాడు నా నుదుటి మీద ముద్దుపెట్టి పరిగెత్తాడు.

పదకొండు గంటలకి ఫోన్లు మోగడం మొదలైంది. వేటలో దెబ్బ తగిలిందన్నారు గానీ ఎవరికో ఎవరూ చెప్పలేదు. నేను బెకిర్‌కే అనుకున్నాను. కాసేపటికి వాడే పెరటి దోవన కొండ దిగి వచ్చాడు. చేతిలో తుపాకి, మోకాళ్ళ దాకా బురద. యాకుప్ కూడా అప్పుడే కాఫీ దుకాణం నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"పేల్చలేదు బావా. దేవుడి తోడు, నేను పేల్చలేదు. పంది వచ్చింది, రెండు కాల్చాను, తప్పాయి. మళ్ళీ తూటా పెట్టి బోల్ట్ వదిలాను. అదే పేలింది. వేలు ట్రిగ్గర్ దగ్గరే లేదు."

"గొట్టం ఎటు ఉంది?" అన్నాడు యాకుప్.

బెకిర్ చేత్తో చూపించాడు. పక్కకి ఉంది. నేలకో ఆకాశానికో ఉండాల్సిన గొట్టం పక్క చోటుకేసి ఉంది. అక్కడ అరవై అడుగుల దూరంలో దుర్సున్ తన బండ మీద కూర్చుని ఉన్నాడు.

"చనిపోయాడా?" అన్నాను.

"అక్కడికక్కడే."

యాకుప్ కమ్మీ తడిమాడు, పేలిక లేదు. "తుపాకి నీకెవరిచ్చార్రా?" అన్నాడు.

వాడు నావైపు చూశాడు. యాకుప్ కూడా చూశాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తుపాకి అందుకుని, తను మెత్తగా చేసిన ట్రిగ్గర్ భాగం మొత్తం ఊడదీసి, అదే రకంలో అరమీద ఉన్న కొత్తది బిగించాడు. ఎంతోసేపు పట్టలేదు. నేను వీధి తలుపు గడియ పెట్టి అక్కడే నిలబడ్డాను. జాండర్మా పోలీసులు కొండెక్కేసరికి బెకిర్ తుపాకి పట్టుకుని మళ్ళీ తన చోటికి చేరుకున్నాడు.

ఈలోగా పైన మిగతా నలుగురూ చెయ్యాల్సింది చేసేశారు. దుర్సున్ చోటు వదిలి కింద పొదల్లోకి దిగాడనీ, కదులుతున్న పొదని చూసి పందనుకుని బెకిర్ కాల్చాడనీ చెప్పారు. నలుగురూ ఒకే మాట. చచ్చినవాణ్ణి జైల్లో పెట్టరు, బతికున్నవాడికి ముగ్గురు పిల్లలు. వాళ్ళకి అది న్యాయంగానే తోచింది. తుపాకి పరీక్షించారు, ఏ లోపమూ లేదని తేల్చారు. తప్పు దుర్సున్‌దే అయింది.

వారం తిరక్కుండా కాఫీ దుకాణంలో అదే మాట పాతబడింది. ఇరవై రెండేళ్ళు అందరికీ నీతులు చెప్పి చివరికి తనే చోటు వదిలాడట, తినని పంది కోసం అంత ఆత్రమెందుకట. ఆయన చేతిలో తిట్లు తిన్నవాళ్ళు కాస్త ఎక్కువే చెప్పుకున్నారు. నేను విన్నాను. కొయ్య మీద గళ్ళు వంకర పోతుంటే చెరిపి మళ్ళీ చెక్కాను.

ఏడోరోజు జెలిహా చావింట పంచే హల్వా గిన్నె తీసుకుని మా కిటికీ దగ్గరికొచ్చింది. రెండో చేతిలో దుర్సున్ బూట్లు ఉన్నాయి. పోయినవాళ్ళ బూట్లు గుమ్మం బయట పెడతాం, లేనివాడెవడో తొడుక్కుపోతాడు. ఈ జత ట్రాలీలో ఎక్కించేటప్పుడు ఊడితే ఎవరో ఇంటికి చేర్చారు.

"ఎవరూ తీసుకోలేదా?" అన్నాను.

"నేనే పెట్టలేదు. తుడిచి పెడదామని తీశాను. చూడు." బూట్లు తిరగేసి బల్ల మీద పెట్టింది. ముందు భాగం శుభ్రంగా ఉంది. మడమల వెనక మాత్రం ఎర్రమట్టి పైదాకా గట్టిగా కూరుకుపోయి ఉంది, గడ్డి వేళ్ళతో సహా. "నడిచి దిగినవాడి బూట్లకి మట్టి ఇక్కడ అంటుతుందా, ఎల్మాస్? ఈయన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చారు."

నేను ఉలి కింద పెట్టాను.

"నేను చదువుకోలేదు, తుపాకుల సంగతి నాకు తెలీదు. ఆ తుపాకి మీ ఇంట్లోంచి వెళ్ళింది. ఒక్కటే అడుగుతున్నాను. అది బాగుందా?"

బాగుంది అంటే చాలు. మా ఇల్లు నిలబడుతుంది, యాకుప్ లైసెన్సు నిలబడుతుంది, తమ్ముడు తన పిల్లల దగ్గర ఉంటాడు. జెలిహా నమ్మేది కూడా, నా మాట ఎప్పుడు నమ్మలేదు గనక. ఆ నమ్మకమే నన్ను ఆ మాట అననివ్వలేదు.

"బాగాలేదు," అన్నాను. పేలిక సంగతి చెప్పాను. మెడకి కాదు, కమ్మీకి ఉందని చెప్పాను. గడియ పెట్టిన సంగతి కూడా చెప్పాను.

జెలిహా ఏడవలేదు. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొడితే పడదామనే కూర్చున్నాను. ఆమె బూట్లు ఒళ్ళోకి తీసుకుంది.

"అయితే కూర్చునే ఉన్నాడు."

"బండ మీదే కూర్చుని ఉన్నాడు. బెకిరే చెప్పాడు."

"నాకు చెబితే ఏం లాభం? నాకు ముందే తెలుసు. మా పిల్లలు బడికెళ్ళడం మానేశారు. మీ నాన్న చోటు వదిలాడంట కదా అని తోటిపిల్లలు అడుగుతున్నారట." లేచి నిలబడింది. "నాకు ఎవరి జైలూ అక్కర్లేదు. నాకు కావలసింది చెప్పాల్సిన చోట చెప్పు."

ఆమె వెళ్ళాక యాకుప్‌కి చెప్పాను. ఆయన సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన ట్రిగ్గర్ భాగం నా ముందు పెట్టాడు. "నేనే వెళ్దామనుకున్నాను, రోజూ," అన్నాడు. "పేలిక సంగతి చెప్పకు. తుపాకి నేనే ఇచ్చానని చెబుతాను."

"ఇంకో అబద్ధమా?" అన్నాను. ఆయన కోటు తొడుక్కున్నాడు.

ఠాణాకి వెళ్ళే దారిలో బెకిర్ ఫోన్ చేశాడు. ఎవరు చెప్పారో, అప్పటికే తెలిసిపోయింది. "అక్కా, అమ్మ లేకపోతే నువ్వే కదా పెంచావు. నాకు ముగ్గురు పిల్లలక్కా."

"దుర్సున్‌కి ఇద్దరురా," అన్నాను. "నాకు అక్క లేదు," అని పెట్టేశాడు. నేను నడుస్తూనే ఉన్నాను.

జాండర్మా సార్జెంటు చిన్నవాడు, పరాయి ఊరివాడు. యాకుప్‌ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు. పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు.

"నిందితుడు మీకేమవుతాడు?"

"తమ్ముడు."

అతను కలం ఆపి, కాగితం చూసి చదివాడు. "తోబుట్టువుకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సిన అవసరం లేదు, భర్త విషయంలో కూడా అంతే. మాట్లాడకుండా ఉండే హక్కు చట్టం మీకిచ్చింది. ఎవరూ తప్పు పట్టరు." గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇంటికెళ్ళొచ్చు మీరు. ఆలోచించుకోండి."

అలాంటి చట్టం ఒకటుందని నాకు అంతవరకు తెలీదు. వెళ్ళిపోవాలని ఎంతగా అనిపించిందో దాచను. లేచి తలుపు దాకా వెళ్ళాను కూడా. వరండా బల్ల మీద యాకుప్ తల వంచుకుని కూర్చున్నాడు. మా వెనకే వచ్చినట్టుంది, రెండో బల్ల మీద జెలిహా, ఆమెకి అటొకరూ ఇటొకరూ పిల్లలిద్దరూ ఉన్నారు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

తలుపు మూయకుండా బార్లా తెరిచి ఉంచి, వెనక్కొచ్చి కూర్చున్నాను.

"రాసుకోండి," అన్నాను, బయటికి వినబడేంత గట్టిగా. "నా సంగతి, నా మొగుడి సంగతి, నా తమ్ముడి సంగతి తర్వాత చెబుతాను. మొదట ఇది రాయండి. దుర్సున్ చోటు వదల్లేదు."