ఇంటూ గుర్తు

దరియాలతిప్ప బడికి పది కంప్యూటర్లు తేవడానికి తెరేసా టీచరు తిరగని ఆఫీసు లేదు, పెట్టని దండం లేదు. చెప్పేది సోషలే గానీ ఆవిడ ప్రాణమంతా ఆ కంప్యూటర్ల గదిలోనే ఉండేది. చేపల వేటకెళ్లే ఇళ్ల పిల్లలు ఏడాది తిరిగేసరికి టకటకా టైపు కొట్టేస్తున్నారు. ఆవిడ వాళ్లకు పుస్తకాల భాష చెప్పలేదు. తెర మీద తెరిచిన విండోను మూసెయ్యాలంటే, పైమూలనున్న గుర్తు చూపించి "ఇంటూ కొట్టండర్రా" అనేది. అంతే, పని అయిపోయేది.

పనులు సవ్యంగా జరుగుతుంటే చూడలేనివాళ్లు ఉండనే ఉంటారు కదా. టీచర్లకూ పిల్లలకూ కంప్యూటరు ఎంత వచ్చో కొలుస్తామంటూ ఒక ఏజెన్సీ బయల్దేరింది. పిల్లల్లో సగం మందైనా పాసవకపోతే కంప్యూటర్లు వేరే బడికి పోతాయట. తెరేసాకు కంటి మీద కునుకు లేదు. పరీక్షకు ముందురోజు పిల్లల్ని కూర్చోబెట్టి ఒకటికి పదిసార్లు చెప్పింది.

"సొంత తెలివితేటలు వాడకండర్రా. అక్కడేం రాసుంటే అదే చెయ్యండి."

ఏజెన్సీ తరఫున నవీన్ అనే ఆఫీసరు వచ్చాడు. టీచర్ల పరీక్ష ఇంగ్లీషులో పెట్టాడు. తెరేసా గబగబా చేసేసింది. పిల్లలకు మాత్రం తెలుగులో. తెలుగా అది! ఇంగ్లీషు ప్రశ్నల్ని ఏ మిషన్లోనో వేసి పిండితే మిగిలిన పిప్పి. "ఎలుకను రెండుసార్లు నొక్కండి" అని ఉంది మొదటి ప్రశ్న. పిల్లలు చేతిలో మౌసు వదిలేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయ్యయ్యో, అది మౌసండీ! ఒక్క మాట చెప్పనివ్వండి," అంది తెరేసా, నవీన్ దగ్గరకు పరిగెత్తి.

"సారీ మేడం. మీరు నోరు తెరిస్తే స్కూలు మొత్తం డిస్‌క్వాలిఫై."

"మీదీ తెలుగే కదండీ. తప్పని మీకు తెలీట్లేదా?"

"తెలుస్తుందండి. కానీ యాప్‌లో ఎలా ఉంటే అలాగేనండి," అన్నాడు, చల్లగా టీ తాగుతూ.

ఇంకో ప్రశ్న వచ్చింది. "తెరిచి ఉన్న కిటికీని మూసివేయండి."

తొమ్మిదో తరగతి సత్యశ్రీ అందరిలోకీ చురుకైన పిల్ల. ప్రశ్న రెండుసార్లు చదివింది. తెర వంక చూసింది. పక్కనే గోదారి గాలికి కొట్టుకుంటున్న కిటికీ వంక చూసింది. చివరికి తెరేసా వంక చూసింది. "ఇంటూ" అన్న మాట తెరేసా నాలుక చివరిదాకా వచ్చింది. స్కూలు డిస్‌క్వాలిఫై అవుతుందన్నది గుర్తొచ్చి మింగేసింది.

సత్యశ్రీ లేచి, కిటికీ రెక్కలు మూసి, గడియ పెట్టి, వచ్చి బుద్ధిగా కూర్చుంది. అది చూసి మిగతా పిల్లలూ లేచి తలో కిటికీ మూసేశారు. గది చీకటైపోయింది. నవీన్ నవ్వాపుకోలేక ఫోను తీసి వీడియో తీసుకున్నాడు.

వారం తిరక్కుండానే రిపోర్టొచ్చింది. టీచరు భేష్, పిల్లలు సున్నా. కింద ఒక ముక్క కూడా రాశారు: టీచరుకు పని వచ్చు, పిల్లలకు నేర్పలేదు. ఆ ముక్క చదివి తెరేసా కుతకుత ఉడికిపోయింది. వ్యాను వచ్చింది. పది కంప్యూటర్లూ అందులోకి ఎక్కుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. వ్యానువాళ్లనేమీ అనలేదు. నవీన్‌కు ఫోను చేసి నాలుగు దులపనూ లేదు. ఖాళీ బల్లలు తుడుస్తున్న సత్యశ్రీ మీద మాత్రం విరుచుకుపడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

"బుర్రుందటే నీకు? కిటికీ అంటే గోడకున్న కిటికీయా? అందరూ నిన్ను చూసే లేచారు. నీ మూలంగానే పోయాయి, తెలుసా!"

సత్యశ్రీ తల దించుకుని బల్ల తుడుస్తూనే ఉంది.

"ఇంటూ కొట్టాలేమో అనిపించిందండి. సొంత తెలివి వాడొద్దని మీరే చెప్పేరు కదండీ."