సత్యవతి టీచరు వేసుకున్న మార్కు

2008లో ఏలూరులో ఎం.టెక్. చదువుతున్న కెజియాకి ప్రాజెక్టు గుదిబండై కూర్చుంది. పని చేసేటప్పుడు మనసు మీద పడే భారాన్ని కొలవాలి. గుండె కొట్టుకునే తీరు రాసుకునే పట్టీ ఒకటి ఛాతీకి కట్టి, పని అయ్యాక "ఎంత కష్టమనిపించింది? నూటికి మార్కు వెయ్యండి" అని అడగాలి. గుండె చెప్పిందీ మనిషి చెప్పిందీ కలిస్తేనే లెక్క నిలుస్తుంది.

బయట మనుషులు ఎక్కడ దొరుకుతారు? తల్లినే పట్టుకుంది. సత్యవతి కొల్లేటి లంకలో ఉన్న బడికి ఒక్కగానొక్క టీచరు. ఒకే గదిలో అయిదు తరగతులు. ఒకటోవాళ్ల చేత అచ్చులు దిద్దిస్తూనే అయిదోవాళ్ల భాగహారంలో తప్పు పట్టాలి, మధ్యలో మూడోవాళ్ల పలకల యుద్ధం ఆపాలి. కెజియా వెనక గోడకి చేరబడి చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న అమ్మే గానీ, పనిలో ఉండగా చూడటం అదే మొదలు. గర్వంతో నోటుపుస్తకం తెరవడమే మర్చిపోయింది.

పట్టీ గీసిన గీతలు గగ్గోలు పెట్టాయి. సాయంత్రం అడిగితే సత్యవతి నూటికి అయిదు వేసింది. మర్నాడూ అయిదే.

గైడు చలపతిరావు గారు పెదవి విరిచారు. "గుండె ఒకటి చెప్తోంది, నోరు ఒకటి చెప్తోంది. ఇలాగైతే నేను సంతకం పెట్టలేనమ్మా."

తాము వెళ్లే చర్చి సంఘంలో నర్సు ఒకావిడకి పట్టీ కట్టి చూసింది. ఆవిడదీ అదే పాట. "దేవుని కృప, బాగానే ఉందమ్మా." అప్పటికి గానీ కెజియా బుర్రకి ఎక్కలేదు. కష్టం చెప్పుకోవడమంటే వీళ్లకి సణుగుడు. అరణ్యంలో దేవుడి మీద సణిగి నశించినవాళ్ల గతి బైబిలు ప్రసంగాల్లో వింటూ పెరిగినవాళ్లని పట్టుకుని ఎంత కష్టమని అడిగితే ఇంకేం చెప్తారు? తనూ ఆ చర్చి చాపల మీద కూర్చునే పెరిగింది, అయినా ఆ ప్రశ్నే రాసుకుంది. తన తెలివికి తనే మొట్టికాయ వేసుకుంది.

ఈసారి మరోలా అడిగింది. "అమ్మా, నీ బడికి కొత్త టీచరు వచ్చిందనుకో. ఇవాళ నువ్వు చేసిందంతా ఆవిడ చేస్తే ఎంత వేస్తావు?"

"పాపం, ఆ పిల్లకి తొంభై వెయ్యాలే. నోరెండిపోద్ది. పిల్లలు చేపల చెరువులోకి దిగకుండా ఒక కన్ను గట్టు మీదే ఉంచాలి."

అలా గంట గంటకీ అడిగి రాసుకుంటే, మార్కులు గుండె గీతల వెంటే నడిచాయి. చలపతిరావు గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసి, సంతకం పెట్టారు.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చి చూపిస్తే సత్యవతి ఆ గీతల వెంట వేలు నడిపింది.

"ఇదంతా నా గుండేనా?"

"నీదే."

పెన్సిల్ తీసుకుని, కొత్త టీచరు అన్నచోట కొట్టేసి తన పేరు రాసింది.

"ఇది సణుగుడు కాదు కదే?"

"సాక్ష్యమమ్మా, చర్చిలో లేచి చెప్తావే, అలాంటిదే," అంది కెజియా.

సత్యవతి తొంభైని చెరిపి తొంభై అయిదు చేసింది.