తలుపు గీయని గది

భోజనాల బల్ల తుడుస్తున్నాను. రోజుకి నాలుగుసార్లు తుడుస్తాను. తుడిచాక అది నా ఆఫీసు అవుతుంది, మళ్ళీ కంచాలు పెట్టేవేళకి కాకుండా పోతుంది. చేతిలో తడిగుడ్డ ఉండగానే ఫోన్ మోగింది. మేస్త్రి.

"అమ్మా, పంతులమ్మగారింట్లో వెనకవైపు చిన్న గది ఉంది కదా, దానికి తలుపెక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

ప్లాన్‌లో ఉన్నచోటే పెట్టమన్నాను, కాస్త విసుగ్గానే. ప్లాన్‌లో ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతానమ్మా అన్నాడతను. నాలుగు గోడలూ ఉన్నాయట, కిటికీ ఉందట, తలుపు మాత్రం లేదట. సామాన్ల గదేమో, తర్వాత కొట్టిస్తారేమో అనుకుని కాగితంలో ఉన్నట్టే నడుమెత్తు గోడ లేపేశారట. వెనకాల ఎవరో నవ్వడం వినిపించింది. తడిగుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. పన్నెండేళ్ళుగా ఒకే ఇంజినీరు దగ్గర. అత్తయ్య తుంటి ఎముక విరిగే వరకూ ఆయన ఆఫీసులోనే కూర్చుని గీసేదాన్ని, ఆ తర్వాత ఇంటి నుంచే. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే మేస్త్రి చెప్పింది నిజం. హాల్లో టీవీ గోల వినపడకుండా ఆ గది తలుపు వరండావైపుకి మార్చమని పంతులమ్మగారు అడిగారు. హాలువైపు తలుపు చెరిపేశాను. ఆ సందులో గోడ కూడా గీశాను. వరండావైపు కొత్తది పెట్టేలోగా ఎందుకో లేచి ఉంటాను. తిరిగొచ్చి, అయిపోయిందనుకుని ప్లాన్‌లో పక్క గది గీయడం మొదలుపెట్టాను. ఎవరు పిలిచారో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. గుర్తొస్తే బాగుండేది, తప్పు వాళ్ళ మీదకి తోసేదాన్ని.

సాయంత్రం పంతులమ్మగారే ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల మీద అరిచిన గొంతు, కానీ చాలా మెల్లగా మాట్లాడారు.

"నా బతుకులో మొదటిసారి నాకంటూ ఒక గది అడిగానమ్మా. ఇల్లంతటిలో మీరు దానికే తలుపు మర్చిపోయారు."

తిడితే బాగుండేది. తిట్టిన వాళ్ళకి ఏదో ఒక సంజాయిషీ చెప్పుకోవచ్చు.

మర్నాడు ఇంజినీరుగారు ఆఫీసుకి పిలిచారు. ప్లాన్ ఆయనా చూసే సంతకం పెట్టారు, ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటి బాధ్యతలుంటే మనసు పని మీద నిలవదు, నాకు తెలుసు, ఇకమీదట చిన్న చిన్న పనులే ఇస్తాను మీకు, అన్నారు ఎంతో దయగా. కొత్త బడి భవనం ప్లాన్ కొత్తగా చేరినతనికి ఇస్తారట. ఆ బడి కోసం రెండేళ్ళుగా కాచుక్కూర్చున్నాను. పన్నెండేళ్ళలో వంటిళ్ళూ స్నానాలగదులూ గీసి గీసి, ఒక్కసారి వందమంది పిల్లలు పరిగెత్తే చోటు గీయాలనుంది నాకు. వారం రోజులు టైమివ్వండి సార్, మొదటి డ్రాయింగు తెస్తాను, అందులో ఒక్క తప్పున్నా అతనికే ఇచ్చేయండి అన్నాను. నా గొంతు బతిమాలుతున్నట్టుంది. నాకే వినబుద్ధి కాలేదు. ఆయన సరేనని తలూపి, పని మీద ధ్యాస ఎలా నిలపాలో చెప్పే వీడియో ఒకటి నా ఫోన్‌కి పంపారు.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన అన్నారు, "మా ఆవిడ గీసిన ఇంట్లో దొంగలు పడే ప్రశ్నే లేదు." అత్తయ్య నవ్వారు. మా వాడు పొలమారేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయనకి కూర వడ్డించాను. తలుపు మర్చిపోయినందుకు పడ్డ సిగ్గు ఒకెత్తు, ఆ నవ్వుకి పడ్డ సిగ్గు ఒకెత్తు. పాప ఒక్కతే నవ్వలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, కంచం ముందు కూడా ఏదో గొణుక్కుంటూ ఉంటుంది.

వీడియోలో ఒకాయన తెల్లగోడ ముందు కూర్చుని చెప్పాడు. ముందు గది తలుపు వేసుకోండి, అన్నాడు. అక్కడే ఆపేసి కాసేపు నా గది చూసుకున్నాను. ఒకవైపు వంటగది, ఒకవైపు హాలు, వెనక అత్తయ్య గది, ఎదురుగా స్నానాలగది. ఇల్లంతా నా కుర్చీ పక్కనుంచే నడుస్తుంది. ఇలాంటి చోట మనిషిని కూర్చోబెట్టి ప్లాన్ గీస్తే మా సారు చింపి అవతల పారేస్తారు. రెండో సలహా కాస్త వీలయ్యేది. పని మధ్యలో లేచినప్పుడల్లా ఎందుకు లేచారో కాగితం మీద రాసుకోండి, అన్నాడు.

రాశాను. అత్తయ్య దిండు సర్దడానికి. మా ఆయన ఫోన్ చేసి బీరువాలో కాగితమేదో చూడమంటే. మా వాడి చార్జర్ కోసం, అది వాడి పక్కమీదే ఉంది. బెల్లు మోగితే, తీరా చూస్తే పక్కింటి బెల్లు. పాల కోసం. పాలు దించానో లేదో చూడ్డానికి మళ్ళీ. సాయంత్రానికి ముప్పై నాలుగయ్యాయి. బడి గేటు, ఒక గోడ, అంతే గీశాను. కాగితం ఇంట్లో వాళ్ళ ముందు పెట్టి కడిగేద్దామనుకున్నాను, కానీ ముందు ఇంకోసారి చదివాను. అందులో పదకొండుసార్లు నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనే లేచాను. పని బాగా సాగుతుంటే చాలు, ఇల్లు ఏమైపోతోందో అని నా కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి.

మా ఆయన కాగితం చూసి, ఇదంతా రాసే బదులు ఆ టైములో గీసుకోవచ్చుగా అన్నారు. పాప మాత్రం శ్రద్ధగా చదివింది.

"నేనూ రాసుకుంటానమ్మా. ఇంత వివరంగా కాదు" అంటూ ఫిజిక్సు పుస్తకం తెచ్చి చూపించింది.

అది వాళ్ళన్న పాత పుస్తకమే. పేజీల అంచుల్లో పెన్సిలుతో, చిన్న అక్షరాలతో ఒకటే మాట. అమ్మ. పేజీకి ఒకటి. కొన్నింట్లో మూడు. ఒక పేజీలో ఐదు.

"నువ్వు పిలిచినప్పుడు ఎక్కడ ఆపానో వచ్చేసరికి మర్చిపోతున్నాను. ఇలా పెట్టుకుంటే అక్కణ్ణించే మొదలెట్టొచ్చు. నువ్వు కూడా పెట్టుకోమ్మా, తలుపులు మర్చిపోవు."

దాని మాటలో ఎత్తిపొడుపు లేదు. మంచి ఉపాయం దొరికిందన్న సంబరంతో చెప్పింది. నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను, ఒక్కో మాట దగ్గరా ఎందుకు పిలిచానో గుర్తొస్తోంది. నానమ్మకి మాత్రలివ్వు. బట్టలు తీసుకురా. అన్నయ్యకి టీ ఇచ్చిరా. నా కాగితంలో ఈ పిలుపులు ఒక్కటీ లేవు. అవి నన్ను లేపలేదు కదా, నాకు లెక్కలోకే రాలేదు. ఇదే పుస్తకం మా వాడు చదివిన ఏడాది టీవీ ఆపించాను, అత్తయ్యని కూడా మెల్లగా మాట్లాడమన్నాను, వాడి గుమ్మం ముందు మునివేళ్ళ మీద నడిచాను. వాడి చదువంతా అయ్యాక కూడా ఆ అంచులు తెల్లగా మిగిలే ఉన్నాయి. వాటినిండా ఇప్పుడు నేనున్నాను. తలెత్తి నా కూతురి మొహం చూడలేకపోయాను.

మర్నాడు ఆదివారం. అందరూ ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచాను, కానీ అక్కడ కూర్చోలేదు. ల్యాప్‌టాప్ తీసుకుని పాప గదిలోకి వెళ్ళి, కాస్త జరగవే అన్నాను. అది ఆశ్చర్యంగా చూస్తూ పుస్తకాలు ఒకవైపుకి నెట్టింది. తలుపు మూసి గడియ వేశాను. ఎప్పుడూ వేయని గడియ, బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగాల్సొచ్చింది.

పది నిమిషాలు గడిచాయో లేదో హాల్లోంచి మా ఆయన గొంతు. "ఏమోయ్, మంచినీళ్ళు."

ఆయన కుర్చీకి ఫ్రిజ్ ఆరడుగుల దూరం. ఇళ్ళు గీసేదాన్ని, నాకు తెలుసు. నేను పలక్కపోయేసరికి పాపని పిలిచారు. పాప చేయి అలవాటుగా పెన్సిలు పట్టుకుని పేజీ అంచుకి వెళ్ళింది. ఆ అంచు మీద నా అరచేయి పెట్టాను.

"రాయకు. చదువుకో."

తలుపు మీద చప్పుడైంది. ఇద్దరూ గడియేసుకుని లోపలేం చేస్తున్నారని అడిగారు మా ఆయన.

"పని" అన్నాను.

అడుగుల చప్పుడు హాలువైపు వెళ్ళింది. తర్వాత ఫ్రిజ్ తెరిచిన చప్పుడు. నా కాళ్ళు మాత్రం సిగ్గులేకుండా అప్పటికే కుర్చీలోంచి సగం లేచాయి. వాటిని మళ్ళీ కూర్చోబెట్టి, బడిలో మొదటి గది మొదలుపెట్టాను. ముందు తలుపు గీశాను. గోడలు ఆ తర్వాత.