ఝాన్సీ అంటించిన ప్యాకెట్లు

నేను ఒక కవర్ల మూతి అంటించే మిషన్‌ని. జనం సీలింగ్ మిషన్ అంటారు. ఒక ఇనుప పెట్టె, దాని మీద పిడి, పిడి కింద వేడెక్కే తీగ, పక్కన ఒక ఎర్రలైటు. ఇంతే నా ఆస్తి. కవరు మూతిని తీగ మీద పెట్టి పిడి నొక్కితే లైటు వెలుగుతుంది. అది ఆరాక పిడి ఎత్తాలి. కుండమూతికి వాసెన గుడ్డ కట్టొచ్చు గానీ లోకం మూతికి కట్టలేరంటారు. లోకం సంగతి నాకెందుకు? కవరు మూతి వరకూ నాకు ఎదురులేదు.

ఎక్కడో రేకుల షెడ్డులో నన్ను బిగించారు. పని చేస్తానో లేదో పరీక్షించినవాడు ఆవలిస్తూ పరీక్షించాడు. అక్కణ్ణుంచి తెనాలిలో ఒక కిరాణా కొట్టుకి చేరాను. ఆ శెట్టిగారు పప్పులూ పల్లీలూ నా కింద పెట్టి నొక్కేవారు. అంటించినవన్నీ మర్నాటికల్లా మాయమయ్యేవి. ఎటు పోయేవో నాకు తెలియదు, ఎవరూ చెప్పనూ లేదు. కొన్నాళ్ళకి ఆయన కాలితో తొక్కే పెద్ద మిషన్ కొనుక్కుని, మనవడి పుట్టినరోజున నన్నొక బడికి దానం చేశారు. పాత సామాను వదిలించుకుంటూ కూడా మనుషులు శాలువా కప్పించుకుంటారని ఆ రోజే తెలిసింది.

అది బుద్ధి నెమ్మదిగా వికసించే పిల్లల బడి. హైస్కూలు వయసు దాటినవాళ్ళ కోసం మేడ మీద ఒక పనిగది పెట్టారు. బడి అయిపోయాక ఈ పిల్లలు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోకూడదు, నలుగురిలాగే పనికి పోవాలి అన్నది ఎస్తేరు టీచర్ పట్టుదల. ఆవిడ పిల్లల చేత శనగలు కొలిపించేది, కవర్లలో పోయించేది, నా చేత అంటింపజేసేది. ఇంతవరకూ బాగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆవిడే కత్తెర తెచ్చి, "ఇప్పుడందరం విప్పేద్దామా?" అనేది. పిల్లలు కవర్లన్నీ కత్తిరించి శనగల్ని మళ్ళీ బేసిన్‌లో పోసేవాళ్ళు. ఆవిడ చప్పట్లు కొట్టేది.

మొదట నాకు మతిపోయింది. విప్పడానికైతే అంటించడం ఎందుకు? రోజూ కొత్త శనగలు ఎక్కణ్ణుంచి తెస్తారని ఆలోచించే బుర్ర నాకెక్కడిది? అవే శనగలు, అదే బేసిన్. చూడగా చూడగా నేనూ అలవాటుపడ్డాను. మనుషుల పనులన్నీ ఇంతే కాబోలు, పొద్దున్న కట్టడం, సాయంత్రం విప్పడం అనుకున్నాను.

ఆ పిల్లల్లో ఝాన్సీ అంటే నాకు ప్రాణం. మాట తక్కువ. లైటు ఆరేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. అంటించిన కవరుని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, గాలి పోవడంలేదని తేలాకే పక్కన పెట్టేది. విప్పడంలోనూ అంతే, ఒక్క గింజ కింద పడనిచ్చేది కాదు.

ఒకనాడు టీచర్ ఆ పిల్లకి పని కుదిర్చింది. సామ్రాజ్యమ్మ అని, కారప్పొడులు చేసి ఇంటి ముందున్న తన కొట్టులో అమ్ముతుంది. "చూద్దాం టీచరమ్మా, కుదిరితే ఉంచుకుంటా, లేపోతే నన్ను మొహమాటపెట్టొద్దు" అంది. చేతికి అలవాటైన మిషన్ కదా అని టీచర్ నన్నూ వెంట పంపింది. వెళ్ళేముందు ఝాన్సీ జడ సరిచేస్తూ, "నువ్వు నిలబడితే మిగతావాళ్ళకీ దారి దొరుకుతుందమ్మా" అంది.

ఆ రోజు ఝాన్సీ పని చూసి సామ్రాజ్యమ్మ ముక్కున వేలేసుకుంది. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి, ప్రతి ప్యాకెట్టూ దిట్టంగా వచ్చింది. "బంగారమే!" అని పొంగిపోయి, సాయంత్రం మిరపకాయల బస్తాలు దింపించుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఝాన్సీ నా స్విచ్ ఆపింది, గుడ్డతో తుడిచింది. కత్తెర వెతికి తెచ్చుకుంది. ఒక్కొక్క ప్యాకెట్టూ శ్రద్ధగా కత్తిరించి, మూడు పొడుల్నీ ఒకే బేసిన్‌లో పోసింది. ఒట్టు, నాకేమీ తప్పనిపించలేదు. ఇంకెవరూ కత్తెర పట్టుకోరేమిటా అని మాత్రం అనుకున్నాను.

సామ్రాజ్యమ్మ తిరిగొచ్చి చూసింది. అప్పుడు అందుకుంది చూడండి!

"ఓసి నీ దుంపతెగ! ఏందే ఇది? పొద్దుట్నుంచీ కట్టిందంతా ఇట్టా నాశనం చేశావేందే?"

ఝాన్సీ బేసిన్ చూపించి నవ్వింది. చప్పట్ల కోసం చూస్తోందని నాకొక్కదానికే తెలుసు. చప్పట్లకి బదులు అరుపులు వచ్చేసరికి ఆ నవ్వు ఏమైపోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది. దాన్ని చూసి సామ్రాజ్యమ్మకి ఇంకా మండింది. ఫోన్ చేసి టీచర్‌ని పిలిపించింది.

టీచర్ వచ్చి, బేసిన్ చూసి, గోడకి చేరగిలబడింది. "తప్పు పిల్లది కాదండీ. విప్పడం నేర్పింది నేనే."

"అదేం చదువమ్మా, కట్టి విప్పడం? రేపట్నుంచి పంపమాక. నా వల్ల కాదు."

అప్పుడు ఝాన్సీ మెల్లగా అడిగింది. "విప్పకపోతే ఏం చేస్తారు ఆంటీ?"

సామ్రాజ్యమ్మ తెల్లబోయింది. "ఏం చేస్తారేందే? కొనుక్కుపోతారు!"

ఆ మాట ఝాన్సీకి అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు.

అంతలో వీధి గుమ్మంలోకి ఒక బస్సు కండక్టరు వచ్చి కందిపొడి అడిగాడు. అప్పటికే కొట్టు అరలోకి చేరిన ప్యాకెట్ ఒక్కటి కత్తెర బారిన పడకుండా మిగిలింది. సామ్రాజ్యమ్మ విసురుగా తీసిచ్చింది. అతను సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. ఝాన్సీ గబగబా గుమ్మం దాకా వెళ్ళింది. అతను సందు మలుపు తిరిగేదాకా చూసింది.

"తీసుకెళ్ళిపోయాడు" అంది.

"మరి? వాళ్ళింట్లో పిల్లలు అన్నంలో కలుపుకు తింటారు" అంది టీచర్. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. "నువ్వు కట్టిందే తింటారమ్మా."

ఝాన్సీ లోపలికొచ్చి కత్తెరని తీసుకెళ్ళి టీచర్ సంచిలో పడేసింది. నా ముందు కూర్చుంది. ఖాళీ కవరు ఒకటి తెరిచి సామ్రాజ్యమ్మ వైపు పట్టుకుంది.

పొద్దుపోయింది, కొట్టు కట్టేసే వేళ. సామ్రాజ్యమ్మ పాడైన బేసిన్ని చూసింది, టీచర్ని చూసింది, చాచి పట్టుకున్న కవరుని చూసింది. గొణుక్కుంటూనే కొత్త డబ్బా మూత తీసి గరిటెడు కందిపొడి పోసింది. టీచర్ నా స్విచ్ వేసింది. లైటు వెలిగి ఆరింది. ఝాన్సీ ప్యాకెట్టుని చెవి దగ్గర నొక్కి చూసి, సామ్రాజ్యమ్మ చేతిలో పెట్టి, వేలు చూపిస్తూ గట్టిగా చెప్పింది.

"విప్పొద్దు ఆంటీ."