వరండాలో చూసిన సినిమాలు

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన పక్కగదిలో స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన ఫోన్లో మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"మళ్ళీ తెరుస్తున్నారోయ్! అవును, మన పాత హాలే. రిపేర్లన్నీ చేశారట. అందులో మేం చూడని సినిమా ఉందా అసలు? మా ఆవిడ లేకుండా ఒక్క ఆటకి కూడా వెళ్ళలేదు నేను!"

ఆ 'మేం' దగ్గర నా చేయి ఆగిపోయింది. కాలర్ మాడిన వాసన వచ్చాక గానీ తేరుకోలేదు. ఆయన మాత్రం ఆగలేదు. పైకప్పుకి వేలాడే ఆ పెద్ద దీపాల గుత్తి గురించి, ఒక్కో దీపం మెల్లగా ఆరుతుంటే జనం ఈలలు వేయడం గురించి, మడతలు మడతలుగా పైకి లేచే ఎర్ర తెర గురించి చెప్పుకుపోతున్నాడు. చెప్తుంటే గొంతు కూడా మెత్తబడింది. పాపం, అబద్ధం ఒక్కటీ లేదు అందులో. నన్ను తీసుకెళ్ళిన మాట నిజం. నెలకి రెండు ఆదివారాలు, మధ్యాహ్నం ఆట. "మొగుడు సినిమాలకి తిప్పుతున్నాడు, అదృష్టవంతురాలివి" అని చుట్టాలందరూ అనేవాళ్ళు. ఆ అదృష్టానికి పొద్దున్నే రెండు పూటల వంటా చేసి, గిన్నెలు కడిగి, పాలసీసా, మారు బట్టలు, తుడిచే గుడ్డలు సంచిలో సర్దుకుని, నేను జుట్టు దువ్వుకునేసరికి ఆయన గేటు దగ్గర స్కూటర్ తాళాలు ఆడిస్తూ ఉండేవాడు. "బయటికి రావడానికి ఇంతసేపా? టైటిల్స్ పోతాయి!"

నాకు తెలిసిన హాలు వేరు. అది తలుపుకి ఇవతలి హాలు. మెట్ల మీద ఎర్ర తివాచీ ఎక్కడ చిరిగిందో నాకు తెలుసు, ఎందుకంటే పెద్దాణ్ణి భుజాన వేసుకుని దిగుతూ అక్కడ రెండుసార్లు తట్టుకున్నాను. ఇత్తడి కమ్మీ ఎంత చల్లగా ఉంటుందో తెలుసు. జ్వరంతో ఉన్న చిన్నదాని చెంపని దానికి ఆనించేదాన్ని. వరండా గోడకి మనిషిని మించిన అద్దం ఒకటి ఉండేది. దాని ముందు నుంచి అటూ ఇటూ తిరిగి తిరిగి, నా యవ్వనం వెళ్ళిపోవడాన్ని విడతలు విడతలుగా అందులోనే చూసుకున్నాను. లోపల సినిమా నడుస్తుంటే, ఎవరైనా తలుపు తోసుకుని వచ్చినప్పుడు సగం డైలాగు బయటపడేది. "నువ్వు నా గుండెల్లో..." అని వినిపించి తలుపు మూసుకునేది. గుండెల్లో ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు.

సీట్ల ఏర్పాటు మా అత్తగారిది. "నాకు మోకాళ్ళ నొప్పులు, లేవలేను. నువ్వు చివర్న కూర్చో. పిల్లాడు ఏడిస్తే వెళ్ళడానికి వీలుగా ఉంటుంది." మా ఆయన తలూపేవాడు. "అవును, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ వెళ్తే బాగోదు." కాళ్ళు తొక్కించుకోబోయే పరాయివాళ్ళ మీద కూడా ఆయనకి అంత జాలి. పెద్దాడు నడవడం నేర్చుకునేసరికి చిన్నది పుట్టింది, చిన్నది మాటలు నేర్చేసరికి ఆడపడుచు పిల్లలు వచ్చారు. సీటు మాత్రం మారలేదు.

అయితే వరండాలో నేనొక్కదాన్నే లేను. అక్కడ మాకో లోకం ఉండేది. కవల పిల్లల తల్లి ఒకావిడ, బ్యాంకులో పనిచేసే కళ్ళద్దాలావిడ, ఇంకా తనే పిల్లలా ఉండే ఓ కొత్త తల్లి. పేర్లు అడిగేంత తీరిక ఎవరికీ లేదు గానీ ఎవరి పిల్లకి పళ్ళు వస్తున్నాయో అందరికీ తెలుసు. ఆఖరుగా బయటికి వచ్చినావిడే ఆ పూటకి మాకు మహారాణి. చుట్టూ మూగేవాళ్ళం. "ఏమైందండీ?" "తమ్ముడు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు." "అయ్యో, ఎందుకూ?" "ఏమోనండీ, సరిగ్గా అప్పుడే వీడు నా మీద పాలు కక్కాడు." అలా తలా ఒక ముక్క తెచ్చి కథ అతికించుకునేవాళ్ళం. దొరకని ముక్క మేమే అల్లేవాళ్ళం. పిల్లల్ని జోకొడుతూ, గుసగుసగా ఎంత నవ్వేవాళ్ళమో! లోపలున్నవాళ్ళు అంత నవ్వి ఉండరు.

ఒక్క సినిమా మాత్రం నన్ను వదల్లేదు. మా ఆయనకి ప్రాణమైన సినిమా అది. అందులో ఇంటి పెద్దకోడలు ఒకరోజు పెట్టె పట్టుకుని రైల్వే ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది. రైలు కూత వినిపిస్తుంది. ఆవిడ ముఖం తెరంతా నిండుతుంది. అప్పుడే చిన్నది గుక్కపట్టింది. వరండాలో ఆ రోజు పెద్ద చర్చే జరిగింది. "వెనక్కి వచ్చేస్తుందిలెండి" అంది కొత్త తల్లి. "రాదు" అంది కవలల తల్లి. "పెట్టె సర్దడం చూశారా? పలచటి బట్టలతో పాటు స్వెటర్ కూడా పెట్టుకుంది. చలికాలం కూడా అక్కడే ఉండాలని కదూ?" ఆ మాటతో మాకందరికీ ఊపిరి ఆడింది. బ్యాంకావిడ ఆమెకి వేరే ఊళ్ళో టైపిస్టు ఉద్యోగం ఇప్పించింది. నేను కిటికీ ఉన్న గది చూసిపెట్టాను. కొత్త తల్లి, కాసేపు ఆలోచించి, కాఫీ ఎవరైనా పెట్టి ఇస్తే బాగుంటుందంది. సరే, దానికీ ఒకరిని పెట్టాం.

సోమవారం మా ఆఫీసులో, నేను పనిచేసే నీటి పన్నుల విభాగంలో, అందరూ ఆ సినిమా గురించే మాట్లాడుకుంటున్నారు. "ఆవిడకి ఉద్యోగం రావడం బాగుంది" అని నోరు జారాను. మా సూపర్‌వైజరు పడీపడీ నవ్వాడు. "ఏ సినిమా చూశారండీ మీరు? హాల్లో నిద్రపోయారా? పోనీలెండి, ఇంటి పని అలాంటిది." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయితే ఏం జరిగిందని అడగడానికి సిగ్గేసింది. స్వయంగా వెళ్ళొచ్చిన సినిమా కథ ఇంకొకళ్ళని ఎలా అడగను? మా ఆయన్ని అడిగితే "నువ్వూ వచ్చావుగా!" అన్నాడు. తర్వాత టీవీలో వచ్చినప్పుడల్లా వంటింట్లో పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది. ఆ ప్లాట్‌ఫాం మీద ఆవిడ ఇన్నేళ్ళూ నా లోపల అలాగే నిలబడి ఉంది. నవ్వుతారేమో గానీ, నేను ఉద్యోగం మానేద్దామా వద్దా అని ఇంట్లో గొడవైన రోజుల్లో ఆవిడనే తలుచుకున్నాను. మానలేదు.

అత్తగారు మంచాన పడ్డాక ఒక సాయంత్రం తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి ఆవిడ అంది: "ఆ హాల్లో పెద్ద అద్దం ఉండేది, గుర్తుందా? మీ ఆయన్ని ఎత్తుకుని దాని ముందు ఎంత తిరిగానో! ఒక్క సినిమా పూర్తిగా చూసిన పాపాన పోలేదే నేను." నాకు జాలి కలగాలి. కలగలేదు, కోపం వచ్చింది. తెలిసి కూడా నన్ను చివర్న కూర్చోబెట్టావా అని అడగాలనిపించింది. ఆ ముసలి మెడ చూసి ఊరుకున్నాను. కానీ ఆ కోపం అలాగే మిగిలిపోయింది.

ఫోను పెట్టేసి మా ఆయన టికెట్లతో వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఆదివారం మొదటి ఆట. ఏ సినిమా వేస్తున్నారో తెలుసా? మన సినిమా!" పెద్దకోడలు, ప్లాట్‌ఫాం, పెట్టె. "మనిద్దరం, అబ్బాయి, కోడలు. నీకు చివరి సీటు తీసుకున్నాను, పాపతో నీకు వీలుగా ఉంటుంది." ఎంత ప్రేమగా అన్నాడో! మా అబ్బాయి కూడా భార్యతో అదే అంటున్నాడు. "అమ్మ ఉందిగా, నీకేం టెన్షన్?" కోడలు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పాప పుట్టాక ఆ పిల్ల సరదాగా గడప దాటడం అదే మొదలు.

ఆదివారం వెళ్ళి చూస్తే హాలు మారింది. కుర్చీలు కొత్తవి, తివాచీ కొత్తది. అద్దం మాత్రం అక్కడే ఉంది. దాని వైపు చూడకుండా లోపలికి నడిచాను. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. పైన గుత్తిలో దీపాలు ఒక్కొక్కటిగా ఆరడం మొదలైంది. నీలం, పసుపు, ఆపైన చీకటి. ఇన్నేళ్ళలో ఆ దీపాలు ఆరడం నేను చూడలేదు. ఎప్పుడూ ఆ క్షణానికి సంచిలో పాలసీసా వెతుకుతూనే ఉన్నాను. ఏడుపొచ్చింది. పక్కన కోడలు కూడా తలెత్తి చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని.

పెట్టె పట్టుకుని ఆవిడ ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. రైలు కూసింది. పాప ఉలిక్కిపడి లేచి రాగం అందుకుంది.

ముందు వరసలో తలలు తిరిగాయి. అటు చివర నుంచి మా ఆయన వంగి, "ఊఁ, కాస్త బయటికి..." అన్నాడు. నా చెయ్యి అలవాటు కొద్దీ సంచి అందుకుంది. అంతలో కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. "మీరు చూడండి అత్తయ్యా, నేను తీసుకెళ్తాను." అప్పటికే సగం లేచి నిలబడింది. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి.

అత్తగారికి తల దువ్వుతూ చూసిన ఆ ముసలి మెడ గుర్తొచ్చింది. నేను లేస్తే ఎప్పటి నేనే. ఈ పిల్లని పంపి కూర్చుంటే, నేను మా అత్తగారిని.

కోడల్ని భుజం పట్టి కూర్చోబెట్టాను. ఆమె మీదుగా వంగి, పాపని మా అబ్బాయి ఒళ్ళో పెట్టాను. సంచి కూడా ఇచ్చాను.

"నేనా? నా దగ్గర ఊరుకోదమ్మా!"

"ఊరుకునేదాకా తిప్పు. మీరంతా అలాగే ఊరుకున్నారు."

"వాడికేం తెలుసు?" అన్నాడు మా ఆయన, కంగారుగా. "నువ్వెళ్ళు."

"హాలంతా మీకు కొట్టినపిండి కదండీ. వాడికి తోడు వెళ్ళండి."

ఆయన నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశాడు. ఇంకా ఏదో అనేవాడే. వెనకనుంచి ఎవరో, "వెళ్ళేవాళ్ళు త్వరగా వెళ్ళండి బాబూ!" అని అరిచారు. తండ్రీకొడుకులు లేచి, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ, "సారీ సారీ" అనుకుంటూ బయటికి వెళ్ళారు. పాప ఏడుపు తలుపు అవతలికి వెళ్ళిపోయింది. నేను కోడలి పక్కన వెనక్కి వాలి కూర్చున్నాను. భయమేసింది, సిగ్గేసింది, కాసేపటికి రెండూ పోయాయి.

ఆవిడ రైలెక్కలేదు. ఒక పాట వచ్చింది. పాట అయ్యేసరికి ఆవిడ ఇంటి గుమ్మంలో ఉంది. ఎక్కడికెళ్ళావని కూడా ఎవరూ అడగలేదు. పెట్టె పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, మొగుడికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అందరూ కలిసి ఫోటో దిగారు. అంతే. దీని కోసమా ఇన్నేళ్ళు!

కోడలు నా చెవి దగ్గరికి వంగింది. "స్వెటర్ కూడా పెట్టుకుంది కదా అత్తయ్యా, మళ్ళీ ఎందుకొచ్చింది?"

నేను ఆ చీకట్లో ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇంటికెళ్ళాక ఆ సినిమా అసలు కథ, మేం వరండాలో అల్లినది, దీనికి చెప్పాలి.

బయట మా అబ్బాయి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. వాడి భుజం మీద పాప హాయిగా నిద్రపోతోంది. మా ఆయన పాలసీసా పట్టుకుని, జుట్టు చెదిరి, అలసిపోయి కూడా, నన్ను చూడగానే ఆశగా ముందుకొచ్చాడు.

"ఎలా ఉంది? మన సినిమా!"

"బాలేదండీ."

"బాలేదా? నెలల తరబడి ఆడింది అది! ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదే నువ్వు!"

"ఇన్నేళ్ళూ నేను చూడలేదు కదండీ."