బయటికి దారి

కొత్తగా చేరిన పిల్లల్ని బడికి అలవాటు చేసే పని స్వాగతం టీచరుది. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, పిల్లలు పెట్టింది. రెండో తరగతికి పాఠాలు చెప్పడం ఆవిడ ఉద్యోగం, కొత్త పిల్లల్ని చూసుకోవడం ఆవిడ ప్రాణం. ఎవరూ అడక్కుండానే ఆ బాధ్యత నెత్తికెత్తుకుంది. ఇప్పుడు ఎవరైనా దించుకోమన్నా దించుకోదు.

ఆవిడ పద్ధతి ఆవిడకుంది. ఏ తరగతిలో చేరినవాళ్ళయినా సరే, గుమ్మంలో కనబడగానే క్లాసంతా లేచి చప్పట్లు కొట్టాలి. కొత్తవాళ్ళు బోర్డు ముందు నిలబడి పేరు చెప్పాలి. ఆ పేరు రంగు సుద్దలతో రాసి చుట్టూ పువ్వులు వెయ్యాలి. తర్వాత టీచరు చెయ్యి పట్టుకుని బడంతా తిప్పుతుంది. లైబ్రరీ, బొమ్మల గది, గెలిచిన కప్పులు పెట్టిన బీరువా, ఆటస్థలం, అన్నీ చూపించి చివరికి మొదటి బెంచీలో కూర్చోబెడుతుంది. చిన్నప్పుడు తను ఒక కొత్త బడిలో చేరితే సాయంత్రం దాకా ఒక్కరంటే ఒక్కరు పలకరించలేదట. ఆ ఉక్రోషం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. మంచి మనసే, కాదనలేం. కాకపోతే తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఆ సోమవారం ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకమ్మాయి ఎనిమిదో తరగతిలో చేరింది. వాళ్ళ నాన్న వంతెనలు కట్టే మేస్త్రి. ఒక వంతెన పూర్తికాగానే ఇంకో వంతెన దగ్గరికి కాపురం మారుస్తాడు. ఆ పిల్లకిది ఆరో బడి. చప్పట్లు కొడుతుంటే తల వంచుకుని నిలబడింది, పేరు చెప్పింది, థాంక్స్ మేడమ్ అంది. మొదటి బెంచీ చూపిస్తే మర్యాదగా వద్దని చెప్పి తలుపు పక్కనున్న చివరి బెంచీలో సర్దుకుంది. మధ్యాహ్నానికల్లా అందరూ ఆరో బడి అమ్మాయి అనడం మొదలుపెట్టారు.

రెండోది మాత్రం కొరకరాని కొయ్య అయింది. ఏడేళ్ళ పిల్ల, చిటికెన వేలంత ఉంటుంది. వాళ్ళమ్మ బడికి ఎదురుగా ఉన్న లాండ్రీలో ఇస్త్రీ పనికి కొత్తగా చేరింది. తల్లీకూతుళ్ళిద్దరే, లాండ్రీ వెనకాల ఒక గదిలో ఉంటారు. తల్లి గేటు దగ్గర దింపి వెళ్ళాక, ఆ చిన్నది సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చిందో లేదో, రెండో తరగతంతా లేచి తపతపా చప్పట్లు కొట్టింది. చిన్నది తుళ్ళిపడి వెనక్కి తిరిగి ఒకటే పరుగు. అప్పటికే కాపలా కాసే గేటు తాత గేటుకి తాళం వేశాడు. వెళ్ళి ఊచలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఏడుపు లేదు, కేక లేదు. రోడ్డువైపు చూస్తూ అలాగే నిలబడి ఉంది. ఏడ్చినా బాగుండేది, ఊరుకోబెట్టడం టీచరుకి వెన్నతో పెట్టిన విద్య.

మర్నాడు టీచరు రెట్టింపు చేసింది. కాగితం కిరీటం చేసి నెత్తిన పెట్టింది, ఇద్దరు వాగుడుకాయల్ని తోడిచ్చింది, పాట పాడించింది. తల్లి గుమ్మంలో కూర్చుని ఉన్నంతసేపూ చిన్నది బెంచీలో ఉంది. తల్లి లేచిందంటే తనూ లేచింది. గేటు తాళం చప్పుడు వినబడగానే కిరీటం ఊడి పడేలా పరిగెత్తింది. టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం పెద్ద మేడమ్ టీచర్నీ తల్లినీ పిలిపించింది. ఆవిడేమీ రాక్షసి కాదు, బడి నడపాలిగా. క్లాసు క్లాసంతా పాఠం మానేసి గేటువైపు చూస్తోందనీ, ఆ సీటు కోసం ఇంకా కొందరు ఎదురు చూస్తున్నారనీ చెప్పింది. శుక్రవారానికి పిల్ల తల్లి లేకుండా క్లాసులో కూర్చుంటే సరే, లేకపోతే వచ్చే ఏడాది చేర్చుకుంటామంది. టీచరు ముఖం చిన్నబుచ్చుకుంది. తల్లి వరండాలోకి వచ్చాక గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఆమె పనికి రాకపోవడాన్ని లాండ్రీ ఓనరు ఈ వారం వరకే ఓర్చుకుంటానన్నాడట. పిల్లని గదిలో పెట్టి తాళం వేసి పనికి వెళ్ళే వీల్లేదు, వెంటబెట్టుకుని వేడి ఇస్త్రీ పెట్టెల మధ్యకి తీసుకెళ్ళే వీల్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పని పోతే గది కూడా పోతుంది. అప్పుడెక్కడికి వెళ్తావమ్మా అని టీచరు అడిగింది.

"ఇంకెక్కడికండీ, మా అన్నయ్య వాళ్ళింటికే. అక్కడ మాకు చోటుంది కానీ మాట లేదు, నోరు తెరిచి ఏదీ అడగలేం. నా సంగతి సరే, దానికి కూడా మాట పోతుందేమోనని తీసుకొచ్చేశాను."

ఆ మాటకి స్వాగతం టీచరు ముందూ వెనకా చూసుకోకుండా, ఈ పిల్ల బాధ్యత నాది, నువ్వు నిశ్చింతగా పనికి వెళ్ళు అనేసింది. అనడం ఎంతసేపు, తెల్లారితే గురువారం.

గురువారం కూడా అదే కథ. చిన్నది గేటు దగ్గర, టీచరు చిన్నదాని దగ్గర. ఇంటర్వెల్లో ఆరో బడి అమ్మాయి కుళాయి దగ్గర నీళ్ళ సీసా నింపుకుంటూ కనిపించింది. వచ్చి నాలుగు రోజులు కాలేదు, ఏళ్ళ తరబడి ఇక్కడే పెరిగినట్టు తిరుగుతోంది. ఏ కుళాయి సరిగ్గా రాదో, ఏ మెట్టు విరిగిందో అన్నీ తెలుసు. టీచరుకి కొంచెం ఒళ్ళు మండింది. అయినా అవసరం తనది. ఇన్ని బళ్ళు చూశావు కదా, కొత్త బడిలో అడుగు పెట్టగానే నువ్వు ముందు ఏం చూస్తావని అడిగింది.

"బయటికి దారి ఎటో చూస్తాను మేడమ్" అంది ఆ అమ్మాయి సీసా మూత బిగిస్తూ. "అది తెలిసిపోతే ఇంక దాని గురించి ఆలోచించక్కర్లేదు. అప్పుడు పాఠం వినబడుతుంది."

టీచరు గేటువైపు చూసింది. బడంతా తిప్పి చూపించేటప్పుడు తను ఏ ఒక్కరికీ గేటు చూపించలేదు. లోపలికి వచ్చినవాళ్ళకి ఉండే చోటు చూపించాలి గానీ, పోయే దారి ఎవరైనా చూపిస్తారా అనుకుంది ఇన్నేళ్ళూ. అమ్మాయి వెళ్ళబోతూ ఆగి, ఇంకోమాట చెప్పనా మేడమ్ అంది. చెప్పమంది టీచరు, వినాలని లేకపోయినా.

"ఆ చప్పట్లు కొట్టినప్పుడు నాకు కూడా పారిపోవాలనిపించింది. మీరు మంచి మనసుతో చేస్తారు కదా, అందుకే ఎవరూ చెప్పరు."

ఇంకొకరెవరైనా ఆ మాట అని ఉంటే టీచరు వాళ్ళని కడిగేసి ఆరేసేది. పిల్ల మాట కాబట్టి, అందులోనూ నిజం కాబట్టి, మింగలేక కక్కలేక ఊరుకుంది. మనసు చివుక్కుమంది. కానీ చివుక్కుమన్న మనసుని ఓదార్చుకునే తీరికెక్కడిది, రేపే శుక్రవారం.

అన్నం బెల్లు కొట్టాక టీచరు, ఆరో బడి అమ్మాయి, చిన్నది ముగ్గురూ బయల్దేరారు. ఈసారి లైబ్రరీ లేదు, కప్పుల బీరువా లేదు. ఆరో బడి అమ్మాయి ముందు నడిచింది. "చెల్లీ, ఇది పెద్ద గేటు. నీకిది తెలుసు. రా, మిగతావి చూద్దాం" అంటూ వెనక వైపు చిన్న గేటు చూపించింది. వరండా చివర తలుపు చూపించి, అది మెట్ల కిందనుంచి బయటికి పోతుందని చెప్పి, పోయి చూపించింది. తర్వాత మేడ మెట్ల మలుపులో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తుకుంది. అక్కడ్నుంచి రోడ్డు, రోడ్డవతల లాండ్రీ, దాని నీలం తలుపు కనబడతాయి. చిన్నది కిటికీ చువ్వకి నుదురు ఆనించి చాలాసేపు చూసింది. ఆ తలుపు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. చిన్నది ఊపిరి పీల్చి వదిలింది. తర్వాత నాలుగు రోజులుగా ఉలుకూ పలుకూ లేని పిల్ల టీచరు వైపు తిరిగి నోరు విప్పింది. గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అడిగింది.

గేటు తాత దగ్గరని చెప్పింది టీచరు.

"అడిగితే తీస్తారా?"

తియ్యరు. చివరి బెల్లు కొట్టేదాకా పిల్లల్ని గేటు దాటనివ్వకూడదన్నది పెద్ద మేడమ్ పెట్టిన రూలు, మంచి రూలే. టీచరు సాయం కోసం ఆరో బడి అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి కిటికీలోంచి ఆకాశం చూస్తోంది. చిన్నదాని కళ్ళు ఇంకా తన ముఖం మీదే ఉన్నాయి. సరేననేసి తర్వాత తప్పించుకోవడం పెద్దవాళ్ళందరికీ చేతనైన పనే. టీచరుకి ఎందుకో ఆ పూట అది చేతకాలేదు.

"నన్ను అడుగు. నేను తీయిస్తాను" అంది. అని, అన్నంతపనీ చెయ్యాల్సి వస్తుందేమోనని లోపల భయపడింది.

శుక్రవారం పొద్దున చప్పట్లు లేవు. బోర్డు మీద పువ్వులు లేవు. చిన్నదాన్ని తలుపు పక్క బెంచీలో, నడవాలోంచి గేటు కనబడేచోట కూర్చోమంది టీచరు. తల్లి గుమ్మం దాకా వచ్చి, కూతురి నెత్తిన చెయ్యి వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. పెద్ద మేడమ్ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. లెక్కలు మొదలయ్యాయి. చిన్నది పలక మీద ఒక కూడిక చేసింది, అదీ సరిగ్గా చేసింది. టీచరు మనసులో వేయి దేవుళ్ళకి మొక్కుకుంది.

అప్పుడు ఆలస్యంగా వచ్చినవాళ్ళెవరినో వదిలి గేటు మూసిన చప్పుడు, తాళం పడిన చప్పుడు వినబడ్డాయి. చిన్నది పలక కింద పెట్టింది. పరిగెత్తలేదు. నడుచుకుంటూ టీచరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, తాళం తీయిస్తానన్నారు."

క్లాసంతా తలలు తిప్పి టీచరు వైపు చూసింది. తీయిస్తే సీటు పోయినట్టే, పెద్ద మేడమ్ కళ్ళెదురుగానే కూర్చుని ఉంది. సీటు పోతే తల్లి పని పోతుంది, గది పోతుంది, మాట లేని ఆ ఇంటికి మళ్ళీ ప్రయాణం. తీయించకపోతే? ఆ పిల్ల ఇంకెప్పుడూ ఏ పెద్దవాళ్ళనీ ఏదీ అడగదు. బెంచీలో కూర్చుంటుందేమో, కూర్చోబెట్టొచ్చు కూడా. కానీ అడగదు.

టీచరు సుద్ద బల్ల మీద పెట్టి లేచింది. "మాట ఇచ్చాను మేడమ్. నేను వెంటే ఉంటాను" అంది. పెద్ద మేడమ్ ఏదో అనబోయి, టీచరు ముఖం చూసి, తనూ లేచింది.

గేటు తాత పెద్ద మేడమ్ వంక ఓసారి, టీచరు వంక ఓసారి చూసి, గొణుక్కుంటూ తాళం తీశాడు. గేటు బార్లా తెరుచుకుంది. చిన్నది బయట అడుగు పెట్టి ఆగింది. రోడ్డు దాటడానికి టీచరు చెయ్యి అందించింది, చిన్నది పట్టుకుంది. అవతలికి చేరగానే వదిలేసి లాండ్రీ అద్దాల ముందుకి వెళ్ళి నిలబడింది. లోపల బల్ల మీద తెల్ల చొక్కా పరిచి తల్లి ఇస్త్రీ చేస్తోంది.

తల్లి తలెత్తింది. కూతుర్ని చూసింది, కూతురి వెనక టీచర్ని చూసింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క అడుగు ముందుకి వేస్తే చాలు, పిల్ల వచ్చి కరుచుకుంటుంది, ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి టీచరుకి తెలుసు. తల్లికి ఇంకా బాగా తెలుసు. ఆమె తల దించుకుంది. చూడనట్టే, అక్కడ ఎవరూ లేనట్టే, ఇస్త్రీ చేస్తూ పోయింది. ఇస్త్రీ చేసిన చొక్కా చెయ్యినే మళ్ళీ చేస్తోంది, మళ్ళీ అదే చెయ్యి, ముడతన్నది లేకపోయినా. టీచరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, పిల్ల చూస్తుందని.

"అమ్మ ఇక్కడే ఉంది" అంది చిన్నది, అద్దం మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఇక్కడే ఉంది."

సాయంత్రం దాకా ఉంటుందా అని అడిగింది. ఉంటుందని టీచరు చెప్పింది. చిన్నది ఇంకాసేపు చూసింది. అంత చిన్న ముఖంలో అంత ఆలోచన టీచరు ఎప్పుడూ చూడలేదు. తర్వాత తనంతట తనే వెనక్కి తిరిగి చెయ్యి చాపింది, రోడ్డు దాటించమని.

సగం రోడ్డు దాటాక టీచరు ఒక్కసారి వెనక్కి చూసింది. తల్లి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. టీచరు చప్పున ముందుకు తిరిగింది.

గేటు దగ్గర పెద్ద మేడమ్ నిలబడి ఉంది. సోమవారం మళ్ళీ అడిగితే ఏం చేస్తారని నెమ్మదిగా అడిగింది. మళ్ళీ తీయిస్తానంది టీచరు. పెద్ద మేడమ్ కోప్పడలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

చిన్నది వాళ్ళిద్దరి మధ్యలోంచి లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి ఆగి, తాళం చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తున్న ముసలాయన వైపు తిరిగింది.

"తాతా, ఇంక తాళం వేసుకో" అంది. చెప్పి, కూడికలు మిగిలిపోయాయన్నట్టు గబగబా క్లాసులోకి వెళ్ళిపోయింది.